మునిగిన మనిషి

ఛాయాగ్రహణమునకు ఆద్యుడెవరన్న డాగేరు పేరే వినవచ్చును. పారిసు ఆర్థికశాఖలో గుమాస్తాయగు ఇపోలిత్ బయారు (1801–1887) నెరిగినవారరుదు. 1839లో నితడు వెండి లవణము పూసి నల్లబరచిన కాగితమును అయొడైడుతో తడిపి, వెలుతురు సోకినచోట తెల్లబారునట్లు చేసి, నెగటివు లేకయే బొమ్మ తేల్చెను. జూన్ 24న ముప్పది చిత్రములను ప్రజలకు చూపెను. కాని విజ్ఞానపరిషత్తున పలుకుబడిగల అరాగో, డాగేరు పక్షపాతియై, ఇతనిని ఓపికపట్టుమనెను. డాగేరునకు ఏటేట 6000 ఫ్రాంకుల భరణము. బయారునకు పరికరములకై 600! దొరతనము ఏ దేశముదైనను గుమాస్తా యెడ దాని తీరిదియే కాబోలు.

1840లో నితడు నీట మునిగిన శవమువలె కన్నులు మూసికొని తన చిత్రమును తానే తీసికొనెను. డాగేరునకు ధారాళముగ నిచ్చిన ప్రభుత్వము తన్నుపేక్షింపగా ప్రాణము విడిచినట్లు దాని వెనుక వ్రాసెను. ఛాయాచిత్రము సత్యమునే పలుకునని లోకము మురియుచున్న వేళ, అది బొంకగలదని చూపిన ఈ పరిహాసమును మేము ఆ ముప్పది చిత్రములకంటె మిన్నగా నెంచుదుము.

1851లో ప్రాచీన కట్టడములను చిత్రించుటకు ప్రభుత్వము నియమించిన ఐదుగురిలో బయారు నొకడు. అప్పటి యతని నెగటివులు నేడొక్కటియు కానరావు.