'యు' తీసేసిన మాస్టారు

బీటెక్ సెకండియర్‌లో మా కొత్తవాడ దర్రీల కోసం ఒక వెబ్ పేజీ చేద్దామని కూర్చున్నా. అక్షరాలు ఎర్రగా రావాలి. ఎంత చేసినా నల్లగానే వస్తున్నాయి. గంటసేపు తల పట్టుకున్నాక దొరికింది తప్పు: కలర్ అనే పదాన్ని బడిలో నేర్పినట్టు 'ఓ యు ఆర్'తో రాశా. సీఎస్ఎస్‌కి ఆ 'యు' అక్కర్లేదు. అదెక్కడ పోయిందా అని వెతికితే నోవా వెబ్‌స్టర్ కనిపించారు.

1758లో అమెరికాలోని కనెక్టికట్‌లో రైతు ఇంట పుట్టారు. యేల్‌లో చదివించడానికి తండ్రి పొలం తాకట్టు పెట్టారు. 1778లో డిగ్రీ వచ్చింది, ఉద్యోగం రాలేదు. బడిలో పాఠాలు చెప్పుకుంటూనే లా పాసయ్యారు. యుద్ధకాలం, కేసుల్లేవు. మళ్లీ బడే దిక్కు. అక్కడ పిల్లల చేతుల్లో ఇంగ్లండ్ పుస్తకాలే ఉండేవి. సొంత దేశానికి సొంత పుస్తకం ఉండాలని 1783లో స్పెల్లింగ్ పుస్తకం వేశారు. అప్పటికి పాతికేళ్లు కూడా నిండలేదు! తమాషా ఏంటంటే, అందులో 'యు' అలాగే ఉంది.

దాన్ని తీసేసింది 1806 నాటి డిక్షనరీలో. కలర్, ఆనర్ పదాల్లో 'యు' పోయింది. సెంటర్ చివరి 'ఆర్ ఈ' కాస్తా 'ఈ ఆర్' అయింది. పలికినట్టే రాయాలన్నది ఆయన పట్టుదల. తెలుగు రాసేవాళ్లకి ఇదేం వింత కాదు. కానీ నాలుక అనే అర్థమిచ్చే టంగ్‌ను 'టీ యు ఎన్ జీ' అని రాస్తే మాత్రం జనం ఒప్పుకోలేదు.

మన బడి పుస్తకాలది బ్రిటిష్ పద్ధతి. వర్డ్‌లో భాష ఇంగ్లిష్ యూఎస్ అని ఉంటే మన స్పెల్లింగ్ కింద ఎర్రగీత పడుతుంది. అది తప్పు అని కాదు. చాలామంది ఆ గీత చూసి కంగారుపడి ఒకటి మార్చి, ఇంకోటి వదిలేస్తారు. రెజ్యూమేలో దెబ్బకొట్టేది ఆ కలగాపులగమే. సెట్టింగ్‌లో ఇంగ్లిష్ ఇండియా పెట్టుకోండి. అమెరికన్ కంపెనీకి పంపుతుంటే మొత్తం అమెరికన్ పద్ధతిలోనే రాసుకోండి.

వెబ్‌స్టర్ ఆగలేదు. 1828లో, దాదాపు 70 ఏళ్ల వయసులో, 70,000 పదాల పెద్ద డిక్షనరీ తెచ్చారు. అమ్మింది 2,500 కాపీలు. రెండో ముద్రణ కోసం ఈసారి సొంతిల్లు తాకట్టు పెట్టారు. 1843లో కన్నుమూశారు. అమ్ముడుపోని కాపీల్ని, హక్కుల్ని మెరియం సోదరులు కొనుక్కున్నారు. మీ ఫోన్‌లో మెరియం వెబ్‌స్టర్ యాప్ ఉంటే, అది ఆ కొన్నదే.