పట్టా లేని ప్లీడరమ్మ: కొర్నేలియా సొరాబ్జీ

మన దేశంలో మొట్టమొదటి మహిళా న్యాయవాది ఎవరు? పోటీ పరీక్షల పుస్తకాల్లో ఈ ప్రశ్న తప్పకుండా ఉంటుంది. జవాబు కొర్నేలియా సొరాబ్జీ. ఒక మార్కు వచ్చేస్తుంది, మనం పేజీ తిప్పేస్తాం. కానీ ఆమె లా పరీక్ష రాసింది 1892లో, ఆ పరీక్షకు డిగ్రీ చేతికి వచ్చింది 1922లో. మధ్యలో 30 ఏళ్లు. ఆ 30 ఏళ్లు ఆమె ఏం చేశారన్నదే నాకు ఆ ఒక్క మార్కు కంటే ముఖ్యం అనిపించింది. అందుకే మన గోడ పత్రికకు ఈసారి ఆమె జీవితం రాస్తున్నాను.

కొర్నేలియా 1866 నవంబరు 15న నాసిక్‌లో పుట్టారు. నాసిక్ పక్కన త్ర్యంబకంలో పుట్టిన గోదావరే సిరొంచ దగ్గర ప్రాణహితను కలుపుకుని కాళేశ్వరం మీదుగా తెలుగు నేలలో సాగిపోతుంది. అంటే ఆమె మన ఏటికి ఎగువ ఊరి ఆడపడుచు అన్నమాట. తండ్రి సొరాబ్జీ ఖర్సేద్జీ పార్సీ కుటుంబంలో పుట్టి క్రైస్తవంలోకి మారినవారు. తల్లి ఫ్రాన్సినా పూణేలో బడి పెట్టి పిల్లలకు చదువు చెప్పారు. ఆస్తి గొడవల్లో మోసపోయిన ఆడవాళ్లు సలహా కోసం ఆ తల్లి దగ్గరకు వస్తుండేవారట. వాళ్ల కష్టాలు వింటూ పెరగడం వల్లే తనకు లా మీద మనసు పోయిందని కొర్నేలియా తర్వాత రాసుకున్నారు.

పూణేలోని దక్కన్ కాలేజీలో మగపిల్లల మధ్య చదివి, బొంబాయి విశ్వవిద్యాలయం నుంచి పట్టభద్రురాలైన మొదటి మహిళ అయ్యారు. ఆ పరీక్షలో అందరికంటే పైన నిలిచారు. అలా నిలిచినవాళ్లకు ఇంగ్లండులో చదువుకోవడానికి ప్రభుత్వ స్కాలర్‌షిప్ ఉండేది. ఆడపిల్ల కాబట్టి ఆమెకు ఇవ్వలేదు. అంతే, ఇంకో కారణం లేదు. ఆమె అహ్మదాబాదు వెళ్లి, మగవాళ్లు చదివే గుజరాత్ కాలేజీలో ఇంగ్లీషు పాఠం చెప్పారు. ఆడపిల్లవని స్కాలర్‌షిప్ ఇవ్వనివాళ్ల రోజుల్లోనే మగపిల్లలకు పాఠం చెప్పే ఉద్యోగం చేశారు!

ఆమె సంగతి తెలిసి ఇంగ్లండులో కొందరు చందాలు పోగుచేశారు. లార్డ్ హాబ్‌హౌస్ దంపతులు, విలియం వెడ్డర్‌బర్న్, ఫ్లోరెన్స్ నైటింగేల్ వంటివారు ఆ చందాల్లో ఉన్నారు. 1889లో ఆమె ఆక్స్‌ఫర్డ్‌లోని సోమర్‌విల్ కాలేజీలో చేరారు. అక్కడ లా చదివిన మొదటి మహిళ ఆమే. ఆల్ సోల్స్ కాలేజీలోని కాడ్రింగ్టన్ లా లైబ్రరీలో కూర్చుని చదువుకోవడానికి అనుమతి దొరికిన మొదటి మహిళ కూడా ఆమే. బాలియల్ కాలేజీ పెద్ద బెంజమిన్ జొవెట్ ఆమెకు అండగా నిలిచారు. అయినా పరీక్ష దగ్గరికొచ్చేసరికి చిక్కు వచ్చింది. మగవాళ్లతో కలిపి ఒక ఆడమనిషికి పరీక్ష పెట్టడానికి పరీక్షకులు ఒప్పుకోలేదు. విశ్వవిద్యాలయం ప్రత్యేకంగా తీర్మానం చేస్తే గాని ఆమె హాల్లో కూర్చోలేకపోయారు. 1892లో బీసీఎల్ పరీక్ష రాసి పాసయ్యారు. వచ్చింది మూడో శ్రేణి. డిగ్రీ మాత్రం ఇవ్వలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో ఆడవాళ్లకు డిగ్రీలు ఇవ్వడం మొదలైంది 1920లో.

తర్వాత ఆమె లండన్ వెళ్లి లింకన్స్ ఇన్ ఫీల్డ్స్‌లోని లీ అండ్ పెంబర్టన్ అనే సొలిసిటర్ల కార్యాలయంలో పని నేర్చుకున్నారు. ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన దగ్గర వకీలు అంటే అన్నీ ఆయనే. కాగితం రాసేదీ ఆయనే, కోర్టులో వాదించేదీ ఆయనే. ఇంగ్లండులో అలా కాదు. కోర్టులో నిలబడి వాదించేవారు బారిస్టర్లు. మన గాంధీగారు, మన టంగుటూరి ప్రకాశం పంతులుగారు లండన్ వెళ్లి చదువుకుని వచ్చింది ఆ బారిస్టరీయే. వీలునామాలు, ఆస్తి దస్తావేజులు, ఒప్పందాలు రాసి, మనిషికి మొదటి సలహా ఇచ్చేవారు సొలిసిటర్లు. వాళ్లు కొందరు భాగస్థులుగా చేరి ఒక ఆఫీసు నడుపుతారు. అదే లా ఫర్మ్. అప్పట్లో అందులో చేరాలంటే ఒక సొలిసిటరు దగ్గర ఏళ్ల తరబడి గుమాస్తాగా, అది కూడా సాధారణంగా ఎదురు డబ్బు కట్టి పని నేర్చుకోవాలి. ఆ తర్వాత పరీక్షలు పాసై, పేరు చిట్టాలోకి ఎక్కించుకోవాలి.

కొర్నేలియాకు ఆ పని నేర్చుకునే వీలు దొరికింది గాని చిట్టాలోకి ఎక్కే దారి దొరకలేదు. ఆడవాళ్ల పేర్లు అందులో రాసేవారే కాదు. ఆ తర్వాత 20 ఏళ్లకు, 1913లో, గ్వినెత్ బెబ్ అనే ఆవిడ ఈ విషయం మీద లా సొసైటీ మీద దావా వేస్తే, సొలిసిటర్ల చట్టంలో వ్యక్తి అన్న మాటకు స్త్రీ అన్న అర్థం రాదని కోర్టు తేల్చి దావా కొట్టేసింది! 1919లో కొత్త చట్టం వస్తే గాని తలుపు తెరుచుకోలేదు. 1922 డిసెంబరులో క్యారీ మారిసన్ ఇంగ్లండులో మొదటి మహిళా సొలిసిటరు అయ్యారు.

1893లో కొర్నేలియా ఇండియాకు తిరిగి వచ్చారు. ఆక్స్‌ఫర్డ్ చదువు ఉంది, లండన్ ఆఫీసులో నేర్చిన పని ఉంది, కోర్టులో నిలబడే సనదు మాత్రం లేదు. మళ్లీ కూర్చుని చదివారు. 1897లో బొంబాయి విశ్వవిద్యాలయం ఎల్‌ఎల్‌బీ పరీక్ష, 1899లో అలహాబాదు హైకోర్టు ప్లీడరు పరీక్ష. రెండూ పాసయ్యారు. అయినా హైకోర్టు ఆమె పేరు నమోదు చేయలేదు. మనలో ఎవరికైనా మూడు పరీక్షలు పాసయ్యాక కూడా పట్టా ఇవ్వం పో అంటే ఏం చేస్తాం? ఏడ్చి ఊరుకుంటాం, లేకపోతే ఇంకో కోర్సులో చేరిపోతాం.

ఆమె సనదు అడగని చోట పని వెతుక్కున్నారు. కాఠియావాడ్ వైపు సంస్థానాల్లో రాజుగారి అనుమతి ఉంటే వాదించవచ్చు. ఆ రోజుల కేసు ఒకటి ఆమె తన ఆత్మకథలో రాశారు. ఒక ఏనుగు తరఫున కేసు! మేత కోసం దానికి ఇచ్చిన తోటను తర్వాత లాగేసుకున్నారని ఫిర్యాదు. ఈమె చట్టాలన్నీ సిద్ధం చేసుకుని వెళితే, రాజుగారు ఉయ్యాలలో కూర్చుని ఒక్క వాదన కూడా వినకుండా ఏనుగు గెలిచిందన్నారు. కారణం ఏమిటంటే ఆయన కుక్కకు ఈమె నచ్చిందట. చదివితే నవ్వొస్తుంది. కానీ అన్నేళ్లు చదివి వచ్చిన మనిషికి ఒక కుక్క ఇష్టం వల్ల గెలుపు వస్తే లోపల ఎలా ఉంటుందో కూడా ఆలోచించాలి.

ఆ తిరుగుళ్లలోనే ఆమె పరదాలో ఉన్న స్త్రీలను చూశారు. జమీందారు చనిపోతే భార్యకు మనోవర్తి రావాలి, మైనరు కొడుక్కి ఎస్టేటు రావాలి. చట్టంలో అవన్నీ ఉన్నాయి. కానీ ఆమె పరాయి మగవాడి కంట పడకూడదు. వకీళ్లందరూ మగవాళ్లే. ఇంక ఆమె గోడు కోర్టుకు చేరేదెలా? దివానో, మరిదో ఏ కాగితం పెడితే దాని మీద వేలిముద్ర వేయాల్సిందే. ఆ కాగితంలో ఏముందో చదివి చెప్పేవారు కూడా ఉండరు. మగ వకీలు అడుగుపెట్టలేని గదిలోకి తాను వెళ్లగలనని కొర్నేలియాకు అర్థమైంది. ఆడది కాబట్టి కోర్టు వద్దంది, ఆడది కాబట్టే జనానా లోపలికి రానిచ్చింది.

1902 నుంచి ఆమె ఇండియా ఆఫీసుకు అర్జీలు పెట్టడం మొదలుపెట్టారు. ఇలాంటి స్త్రీల కోసం ప్రభుత్వం ఒక మహిళా సలహాదారును నియమించాలని అడిగారు. 1904లో బెంగాల్ కోర్ట్ ఆఫ్ వార్డ్స్‌లో ఆమెకు ఉద్యోగం ఇచ్చారు. కోర్ట్ ఆఫ్ వార్డ్స్ అంటే వారసులు మైనర్లయినా, ఎస్టేటు చూసుకోలేని స్థితిలో వితంతువు ఉన్నా ఆ జమీందారీని చూసే ప్రభుత్వ శాఖ. తర్వాత బెంగాల్, బీహార్, ఒరిస్సా, అస్సాం అంతా ఆమె తిరుగుడే. రైల్లో, పల్లకీలో, పడవలో వెళ్లేవారు. దస్తావేజులు చదవడం, లెక్కలు చూడడం, వితంతువుకు రావలసింది ఇప్పించడం, పిల్లల చదువు ఏర్పాటు చేయడం. లండన్‌లో సొలిసిటరు ఆఫీసుల్లో పెద్ద కుటుంబాల ఆస్తుల కోసం చేసే పని కూడా ఇదే కదా. దాన్ని ఆమె బెంగాల్ జనానాల్లో చేశారు. సుమారు 20 ఏళ్లలో 600 మందికి పైగా స్త్రీలకు, పిల్లలకు సాయపడ్డారని చెబుతారు. 1909లో ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ బంగారు పతకం ఇచ్చింది.

1921లో అలహాబాదు హైకోర్టు ఆమెను వకీలుగా నమోదు చేసుకుంది. 1922లో ఆక్స్‌ఫర్డ్ డిగ్రీ ఇచ్చింది. 1923లో మన దేశంలో స్త్రీలు న్యాయవాదులు కావచ్చని చట్టం వచ్చింది. అదే ఏడాది లండన్‌లో లింకన్స్ ఇన్ ఆమెను బారిస్టరు చేసింది. 30 ఏళ్ల కిందట పట్టా ఆశ లేకుండా పని నేర్చుకున్న ఆఫీసు ఆ పక్కనే! అప్పటికి ఆమెకు 56 ఏళ్లు. తర్వాత కలకత్తాలో ప్రాక్టీసు పెట్టారు. కానీ అక్కడి మగ వకీళ్లు, జడ్జీలు ఆమెను వాదించనిచ్చింది తక్కువ. ఎక్కువగా కేసు కాగితాల మీద అభిప్రాయాలు రాసే పనే మిగిలింది. 1929లో విరమించుకుని లండన్‌లో స్థిరపడ్డారు. 1934లో ఇండియా కాలింగ్ అన్న పేరుతో ఆత్మకథ అచ్చయింది. 1954 జులై 6న అక్కడే కన్నుమూశారు. 2012లో లింకన్స్ ఇన్‌లో ఆమె విగ్రహం పెట్టారు.

ఆమెను పొగడడమే పనిగా పెట్టుకుంటే ఒక సంగతి దాచాల్సి వస్తుంది. ఆమె బ్రిటిష్ పాలనను సమర్థించారు, గాంధీగారి ఉద్యమాన్ని వ్యతిరేకించారు. మన దేశాన్ని చులకన చేసి కేథరీన్ మేయో రాసిన మదర్ ఇండియా పుస్తకాన్ని కూడా వెనకేసుకొచ్చారు. దాంతో చాలామంది ఆమెకు దూరమయ్యారు. మన దగ్గర ఆమె పేరు ఒక మార్కు జవాబుగా మిగిలిపోవడానికి ఇది కూడా ఒక కారణం అనుకుంటాను. ఆ విషయంలో ఆమెతో నేను ఏకీభవించను. అయినా ఆ 600 మంది దగ్గరకు వెళ్లింది ఆమే కదా, ఆ లెక్క ఎలా కొట్టేస్తాం?

ఇప్పుడు ఇంగ్లండు పరిస్థితి వేరు. 2017 నాటికి ఇంగ్లండు, వేల్స్‌లలో ప్రాక్టీసు చేసే సొలిసిటర్లలో స్త్రీలు సగం దాటారు. లండన్‌లోని పెద్ద లా ఫర్మ్‌లు దేశదేశాల్లో శాఖలు పెట్టాయి. అయితే లాభంలో వాటా ఉండే భాగస్థుల్లో మాత్రం ఇంకా మగవాళ్లే ఎక్కువ. మన క్లాసులో లా చదవాలనుకునేవాళ్లు ఉన్నారు. ఎవరైనా అక్కడి వరకు వెళితే మాకందరికీ గర్వమే.

కానీ సిరొంచ వైపు కూడా ఒకసారి చూడండి. ఇంట్లో తెలుగు, తహసీల్ కచేరీలో మరాఠీ. పొలం కాగితాన్ని సాత్‌బారా అంటారు. అది మరాఠీలో ఉంటుంది. భర్త పోయిన ఆవిడ పేరు అందులో ఎక్కిందో లేదో ఆవిడకు చదివి చెప్పాలంటే రెండు భాషలూ వచ్చిన మనిషి కావాలి. జిల్లా కోర్టు గడ్చిరోలిలో. ఆలాపల్లి అడవి దాటి దాదాపు 200 కిలోమీటర్లు వెళ్లాలి. 1987 నాటి న్యాయసేవల చట్టం ప్రకారం ఏ స్త్రీకైనా, ఆదాయంతో పని లేకుండా, ఉచితంగా వకీలును ఇవ్వాలి. ఈ మాట మా వైపు ఎంతమంది ఆడవాళ్లకు ఎవరు చెప్పారు? ఇక్కడ పరదా లేదు. కానీ తెలియని భాషలో ఉన్న కాగితం మీద వేలిముద్ర వేయడం ఇంకా ఉంది.

మా ఇంట్లో రెండు భాషలూ మాట్లాడతాం. చిన్నప్పుడు అది గజిబిజిగా అనిపించేది. కొర్నేలియా గురించి చదివాక అది ఒక పనిముట్టు అనిపిస్తోంది. సాత్‌బారా చదివి పెట్టడానికి పట్టా అక్కర్లేదు. మనలో మరాఠీ వచ్చినవాళ్లు సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పక్కింటి అత్తమ్మను, పిన్నిని అడిగి ఆ కాగితం ఒకసారి చదివి చెప్పండి. పేరు లేకపోతే తహసీల్ కచేరీకి వాళ్ల వెంట వెళ్లండి. లా చదివేది తర్వాత చదువుదాం.