అమ్మానాన్న ఒకేరోజు పోయారు.. వెంట అరెస్టు వారెంటు: థర్మామీటర్ లెక్క తేల్చిన ఫారెన్‌హీట్ జీవితం ఇదీ

ఒళ్లు కాలిపోతుంటే నూటొకటి జ్వరం అంటాం. బయట ఎండ మండిపోతుంటే నలభై నాలుగు డిగ్రీలు అంటాం. జ్వరం కంటే ఎండ తక్కువని కాదు, రెండు లెక్కలూ వేరు. ఎండది సెల్సియస్, జ్వరానిది ఫారెన్‌హీట్. మరి ఎవరీ ఫారెన్‌హీట్?

పదిహేనేళ్లకే అనాథ

డేనియల్ గాబ్రియేల్ ఫారెన్‌హీట్ 1686 మే 24న డాన్‌జిగ్‌లో పుట్టాడు. ఇప్పుడది పోలండ్‌లోని గ్దాన్స్క్. 1701 ఆగస్టులో విషపు పుట్టగొడుగులు తిని తల్లి, తండ్రి ఒకేరోజు చనిపోయారు. వ్యాపారం నేర్చుకోమని పెద్దలు కుర్రాడిని ఆమ్‌స్టర్‌డామ్ పంపించారు. అతని మనసు మాత్రం గాజు గొట్టాలు, పరికరాల మీద పడింది. చివరికి పని వదిలేసి వెళ్లిపోయాడు. సంరక్షకులకు కోపం వచ్చింది. పట్టుకుని ఓడెక్కించి తూర్పు ఇండీస్‌కు పంపేయాలని వారెంటు తెప్పించారు. దాంతో ఊళ్లు పట్టి తిరిగాడు. 1708లో కోపెన్‌హాగన్‌లో శాస్త్రవేత్త ఓలే రోమర్‌ను కలిశాడు. థర్మామీటర్ మీద గీతలు ఎలా పెట్టాలో అక్కడే చూశాడు.

అసలు సమస్య ఏంటంటే..

అప్పటికే థర్మామీటర్లు ఉన్నాయి. కానీ ఒకదానితో ఒకటి కలిసేవి కావు. ఒకే గదిలో రెండు పెడితే రెండు లెక్కలు! ఫారెన్‌హీట్ చేసిన రెండు థర్మామీటర్లు ఒకే అంకె చూపించేసరికి జర్మనీ పండితుడు క్రిస్టియన్ వోల్ఫ్ ఆశ్చర్యపోయి, 1714లో ఆ విషయం రాశాడు.

అదే ఏడాది ఫారెన్‌హీట్ సారాయి బదులు పాదరసం వాడాడు. పాదరసం వేడికి సమంగా వ్యాకోచిస్తుంది. గాజుకు అంటుకోదు. సన్నని గొట్టంలోనూ మెరుస్తూ కనిపిస్తుంది. కింద బుడ్డిలో కాస్త పెరిగినా, పైన గొట్టంలో బాగా ఎక్కుతుంది. అంతే కిటుకు.

ఐసు, నీళ్లు, నవాసారం కలిపిన చల్లదనాన్ని సున్నా అన్నాడు. ఐసు, నీళ్లు మాత్రమే కలిస్తే 32. మనిషి ఒంటి వేడి 96. ఆయన తర్వాత నీరు మరిగే స్థాయిని 212గా స్థిరపరిచారు. ఆ సర్దుబాటులో ఒంటి వేడి 98.6 దగ్గరకు వచ్చింది.

గాలి వేడి కొలవాలంటే..

పరికరం ఎంత మంచిదైనా ఎండలో పెడితే లెక్క తప్పుతుంది. ఎండ తగిలి థర్మామీటరే వేడెక్కి, తన వేడినే చూపిస్తుంది. అందుకే వాతావరణ శాఖ వాళ్లు గాలి ఆడే తెల్లటి చెక్కపెట్టెలో, నేలకు దాదాపు నాలుగు అడుగుల ఎత్తున, నీడలో పెడతారు. మనం వార్తల్లో వినేది నీడలోని గాలి వేడి. ఎండలో నిలబడితే ఒంటికి తగిలేది అంతకంటే ఎక్కువే.

పేరు మిగిలింది, డబ్బు కాదు

1724లో లండన్ రాయల్ సొసైటీ ఆయన్ని సభ్యుడిగా తీసుకుంది. చేతిలో మాత్రం డబ్బు నిలవలేదు. నీళ్లు తోడే యంత్రానికి హక్కులు కోరుతూ హేగ్ వెళ్లి, అక్కడే జబ్బుపడ్డాడు. 1736 సెప్టెంబర్ 16న, 50 ఏళ్లకే కన్నుమూశాడు. అంత్యక్రియలు పేదవాళ్లకు చేసినట్టే జరిగాయి.

ఇప్పుడు పాదరసం విషమని పక్కనపెట్టి డిజిటల్ థర్మామీటర్లు వాడుతున్నాం. అయినా పిల్లాడికి జ్వరం వస్తే డాక్టర్‌కు ఫోన్‌లో చెప్పే అంకె మాత్రం ఇప్పటికీ ఆయన లెక్కలోదే.