విల్ట్ చాంబర్లేన్ : కాలేజీ ఆట నుంచి వృత్తి ఆట దాకా



మన హాస్టల్ జట్టు పక్క ఊరి హాస్టల్ జట్టుతో వాలీబాల్ ఆడిన సాయంత్రాలు అందరికీ గుర్తుండే ఉంటాయి. మనవాడు సర్వీసును నెట్‌కు కొట్టినా చప్పట్లు కొట్టాం. ఓడిపోయి వచ్చినా ఆ రాత్రి అన్నం దగ్గర పక్కన కూర్చోబెట్టుకున్నాం. అదే టీవీ గదిలో క్రికెట్ చూసేటప్పుడు ఎంత పెద్ద ఆటగాడైనా ఒక్క క్యాచ్ వదిలితే తిట్టుకున్నాం. మనుషులం మనమే, కానీ ప్రేక్షకులుగా రెండు రకాలం. మొదటిచోట ఆడేది మనవాడు కాబట్టి చూశాం. రెండోచోట ఆట గొప్పది కాబట్టి చూశాం.

అమెరికాలో బాస్కెట్‌బాల్‌కు ఈ రెండు రకాల అభిమానులూ ఉన్నారు. కొందరు కాలేజీ జట్లను ప్రేమిస్తారు. మరికొందరు జీతాలకు ఆడే ఎన్‌బీఏ జట్లను ఇష్టపడతారు. ఏది గొప్ప అనే వాదన అక్కడ ఎప్పటినుంచో నడుస్తోంది. ఈ రెండు లోకాల్లోనూ ఆడి, రెండు చోట్లా ప్రేమనూ చేదునూ చవిచూసిన మహా ఆటగాడు విల్ట్ చాంబర్లేన్. ఆయన జీవితాన్ని ఈ సంచిక కోసం రాయాలని మేము ఎందుకు అనుకున్నామో చివర చెప్తాం.

బాల్యం

విల్ట్ చాంబర్లేన్ 1936 ఆగస్టు 21న ఫిలడెల్ఫియా నగరంలో ఒక నల్లజాతి కుటుంబంలో జన్మించారు. ఇంటినిండా పిల్లలు. తండ్రి చిన్నపాటి పనులు చేసేవారు. తల్లి ఇతరుల ఇళ్లలో పనికి వెళ్లేవారు. విల్ట్‌కు మొదట పరుగు పందాలన్నా, హైజంప్ అన్నా ఇష్టం. బాస్కెట్‌బాల్ మీద మనసు తర్వాత పడింది. ఓవర్‌బ్రూక్ హైస్కూల్లో చదివేనాటికే అందరికన్నా ఎత్తుగా ఎదిగారు. పూర్తిగా ఎదిగాక ఆయన ఎత్తు 7 అడుగుల 1 అంగుళం.

పత్రికలవాళ్లు ఆయనకు కొయ్యకాళ్లు అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. అది ఆయనకు నచ్చేది కాదు. గుమ్మాల కింద తల వంచి వెళ్లేవారు కాబట్టి స్నేహితులు పెట్టిన డిప్పర్ అనే పేరు మాత్రం ఇష్టపడేవారు.

కాన్సాస్ దారి

హైస్కూలు పూర్తయ్యేసరికి 200కు పైగా కాలేజీలు ఆయన కోసం పోటీపడ్డాయి. అప్పటి ఎన్‌బీఏ నియమం ప్రకారం తన తోటి విద్యార్థులు కాలేజీ పూర్తిచేసే ఏడాది వచ్చేదాకా ఎవరినీ లీగులోకి తీసుకోరు. కాబట్టి ఆడాలంటే కాలేజీయే దారి. ఆయన కాన్సాస్ విశ్వవిద్యాలయాన్ని ఎంచుకుని 1955లో లారెన్స్ పట్టణానికి వెళ్లారు. బాస్కెట్‌బాల్‌ను 1891లో కనిపెట్టిన జేమ్స్ నైస్మిత్ ఆ విశ్వవిద్యాలయానికి తొలి శిక్షకుడు. విల్ట్‌ను తీసుకొచ్చిన శిక్షకుడు ఫాగ్ అలెన్ ఆ నైస్మిత్ శిష్యుడే.

మొదటి ఏడాది విద్యార్థులు ప్రధాన జట్టులో ఆడకూడదు. అందుకని 1955 నవంబర్‌లో మొదటి ఏడాది పిల్లలకూ, ప్రధాన జట్టుకూ మధ్య ఒక ఆట పెట్టారు. సొంత కాలేజీలో రెండు జట్లు తమలో తాము ఆడుకునే ఆట అది. అయినా సుమారు 14,000 మంది వచ్చారు. విల్ట్ 42 పాయింట్లు చేశారు. మొదటి ఏడాది పిల్లలే 81–71తో గెలిచారు. 1956 డిసెంబర్ 3న ప్రధాన జట్టు తరఫున ఆడిన తొలి ఆటలోనే 52 పాయింట్లు, 31 రీబౌండ్లు సాధించారు. గురి తప్పి వెనక్కి వచ్చిన బంతిని అందుకోవడమే రీబౌండ్.

మైదానంలో ఆయన అందరివాడు. మైదానం దాటితే అలా లేదు. ఆ ప్రాంతంలో నల్లవాళ్లను కూర్చోబెట్టి తిండి పెట్టని హోటళ్లు అప్పట్లో చాలా ఉండేవి. విల్ట్ అటువంటి చోట్లకు కావాలనే వెళ్లి కూర్చునేవారు. ఆయన పేరు పెద్దది కాబట్టి కాదనలేక వడ్డించేవారు. తర్వాత మరికొందరికి ఆ తలుపులు తెరుచుకున్నాయి. బయట గ్లాసు, లోపల గ్లాసు అనే తేడా విని పెరిగిన మనకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

1957లో దేశవ్యాప్త కాలేజీ పోటీల ప్రాంతీయ ఆటలు డల్లాస్‌లో జరిగాయి. నల్లజాతి ఆటగాళ్లున్న జట్టుకు అక్కడ బస దొరకక ఊరి బయట దిగాల్సి వచ్చింది. ప్రేక్షకులు జాతి పేరుతో దూషించారు. కాలేజీ అభిమానం అంటే కేవలం ప్రేమే అనుకోవడానికి వీల్లేదు. మనవాడు అనే మాటలో పరాయివాడు అనే మాట కూడా దాగి ఉంటుంది.

మూడు అదనపు సమయాల ఫైనల్

ఆ పోటీల ఫైనల్ 1957 మార్చి 23న కాన్సాస్ సిటీలో జరిగింది. ఎదుటి జట్టు నార్త్ కరోలినా. ఆ ఏడాది ఒక్క ఆట కూడా ఓడని జట్టు. వాళ్ల శిక్షకుడు ఆట మొదట్లో బంతి కోసం ఎగిరేటప్పుడు విల్ట్ ఎదుట తమ జట్టులో పొట్టివాడిని నిలబెట్టాడు. అది ఆయన్ని కలవరపెట్టే ఎత్తు.

ఇక్కడ ఒక ఆట నియమం తెలుసుకోవాలి. ఎన్‌బీఏలో 1954 నుంచి 24 సెకన్ల గడియారం ఉంది. ఆ లోపల బంతిని బుట్టవైపు వేయాల్సిందే. కాలేజీ ఆటలో అప్పటికి అలాంటి నియమం లేదు. 1985–86 నుంచే దేశమంతటా పెట్టారు. కాబట్టి గొప్ప ఆటగాడిని ఆపాలంటే బంతిని తమ దగ్గరే ఉంచుకుని కాలం గడిపితే సరిపోయేది. విల్ట్ చుట్టూ ఇద్దరు ముగ్గురు నిలబడిపోయేవారు. ఆట నెమ్మదిగా సాగేది. అయితే ఆ నెమ్మదిలోనే బలహీనుడికి కూడా గెలిచే అవకాశం ఉండేది. పైగా ఒక్కసారి ఓడితే ఇంటికే. ఎన్‌బీఏ ఫైనల్లో నాలుగు ఆటలు గెలవాలి కాబట్టి అక్కడ చివరికి బలమైన జట్టుదే పైచేయి అవుతుంది. కాలేజీ ఆటకు జనం ఊపిరి బిగపట్టి కూర్చునేది ఇందుకే.

ఆ రాత్రి సమయం అయ్యేసరికి స్కోరు సమానం. అదనపు సమయం ఇచ్చారు, మళ్లీ సమానం. రెండోసారి ఇచ్చారు, మళ్లీ సమానం. మూడో అదనపు సమయంలో కొన్ని సెకన్లే మిగిలి ఉండగా నార్త్ కరోలినా ఆటగాడు జో క్విగ్ రెండు ఫ్రీ త్రోలు వేశాడు. చివరిగా విల్ట్‌కు అందాల్సిన బంతిని కూడా అతడే అడ్డుకున్నాడు. కాన్సాస్ 54–53తో ఓడింది. విల్ట్ 23 పాయింట్లు చేశారు. ఓడిన జట్టులో ఉన్నా ఆ పోటీల ఉత్తమ ఆటగాడిగా ఆయన్నే ఎంపిక చేశారు.

ఒక్క పాయింటు. దాని బరువు ఆయన మీద నలభై ఏళ్లు ఉండిపోయింది.

చదువు మధ్యలో ఆగిన వైనం

మరో ఏడాది ఆడాక 1958లో ఆయన కాలేజీ వదిలేశారు. పట్టా రాలేదు. ముగ్గురు చుట్టుముట్టే ఆటతో విసిగిపోయారు. సంపాదన కూడా కావాలి. టిక్కెట్లు అమ్ముడుపోయేది ఆయన పేరు మీద, కానీ విద్యార్థి కాబట్టి ఆయనకు జీతం ఇవ్వకూడదు. లోపాయికారీగా అందే సాయాలు అందేవి. ఆయనకు అందిన ఒక కారు విషయమై 1960లో కాన్సాస్ జట్టు మీద ఆంక్షలు కూడా విధించారు. ఎన్‌బీఏలోకి ఇంకా ఏడాది ఆగాలి. అందుకని హార్లెం గ్లోబ్‌ట్రాటర్స్ అనే ప్రదర్శన జట్టులో చేరి దేశాలు తిరిగారు. 1959లో మాస్కోలో కూడా ఆడారు.

ఇంట్లో డిగ్రీ మొదట చూసింది మేమే కాబట్టి ఆయన చదువు ఆపడం మొదట మాకు నచ్చలేదు. కానీ ఇంటిని నిలబెట్టాల్సిన పిల్లవాడు చదువు ఆపాడంటే తప్పంతా అతడిదే అనడం న్యాయం కాదని మన హాస్టల్లో ఎవరికి తెలియదు?

నూరు పాయింట్లు, నాలుగు వేల మంది

1959లో ఆయన సొంత ఊరి జట్టు ఫిలడెల్ఫియా వారియర్స్‌లో చేరారు. ఎన్‌బీఏ అప్పట్లో ఎనిమిది జట్ల చిన్న లీగు. కాలేజీ ఆటకున్నంత ఆదరణ దానికి చాలా ఊళ్లలో లేదు. అందుకే దగ్గరలోని కాలేజీలో పేరు తెచ్చుకున్న ఆటగాడిని ముందుగా తీసుకునే హక్కు ఆ ప్రాంతపు జట్టుకు ఇచ్చేవారు. కాలేజీ అభిమానులు తమ ఆటగాడి వెంట వృత్తి ఆటకు వస్తారని ఆశ. ఫిలడెల్ఫియాలో పెరిగాడు కాబట్టి విల్ట్ మావాడేనని ఆ జట్టు యజమాని వాదించి తీసుకున్నాడు.

తొలి ఏడాదే సగటున ఆటకు 37.6 పాయింట్లు. లీగులో అత్యుత్తమ ఆటగాడి బహుమతి ఆయనదే. 1961–62లో సగటు 50.4. ఆ రికార్డును ఇప్పటికీ ఎవరూ అందుకోలేదు.

1962 మార్చి 2న హెర్షీ అనే ఊళ్లో, న్యూయార్క్ నిక్స్ మీద ఒక్క ఆటలో 100 పాయింట్లు చేశారు. జట్టు 169–147తో గెలిచింది. హెర్షీ చాక్లెట్ కర్మాగారంతో పేరుపడ్డ చిన్న ఊరు. కొత్త ప్రేక్షకులను సంపాదించుకోవడానికి జట్టు కొన్ని ఆటలు అక్కడ ఆడేది. ఆ రాత్రి వచ్చినవాళ్లు 4,124 మంది. టీవీ కెమెరా ఒక్కటీ లేదు. ఆట అయ్యాక కాగితం మీద 100 అని రాసి చేతికిచ్చి ఫొటో తీశారు. ఆ రాత్రికి మిగిలిన ప్రసిద్ధ గుర్తు అదే.

ఈ రెండు లెక్కలు పక్కపక్కన పెట్టి చూడండి. కాలేజీ పిల్లలు తమలో తాము ఆడుకుంటే 14,000 మంది. ప్రపంచంలో ఎవరూ చేయలేనిది చేస్తే 4,124 మంది. మొదటిది బంధం, రెండోది ప్రతిభ. ప్రతిభకు అభిమానులు రావడానికి కాలం పడుతుంది. బంధానికి ఆ అవసరం లేదు.

అయితే వృత్తి ఆట ఆయనకు ఇచ్చినదీ తక్కువ కాదు. 24 సెకన్ల గడియారం ఉండబట్టే ఆయన పూర్తిగా ఆడగలిగారు. కష్టానికి తగిన జీతం బహిరంగంగా అందుకున్నారు. బోస్టన్ జట్టు బిల్ రసెల్‌తో ఆయన పోటీని చూడటానికి జనం ఎగబడ్డారు. కానీ లెక్క కూడా అంతే కటువుగా ఉండేది. రసెల్ 11 సార్లు విజేత జట్టులో ఉన్నారు. విల్ట్ 1967లో ఫిలడెల్ఫియా సెవెంటీసిక్సర్స్‌తో, 1972లో లాస్ ఏంజెలెస్ లేకర్స్‌తో రెండుసార్లే గెలిచారు. ఇన్ని పాయింట్లు చేసి కూడా ఓడుతున్నాడేమిటని నిందించారు. 1973లో ఆట విరమించేనాటికి ఆయన ఖాతాలో 31,419 పాయింట్లు, 23,924 రీబౌండ్లు ఉన్నాయి. ఆ రీబౌండ్ల రికార్డు ఇంకా చెక్కుచెదరలేదు.

తిరిగి వచ్చిన రోజు

ఇన్నేళ్లలో కాన్సాస్‌కు మాత్రం ఆయన దూరంగానే ఉన్నారు. తన వల్లే ఓడామనీ, పట్టా తీసుకోకుండా వెళ్లాననీ, అక్కడివాళ్లు తన మీద కోపంగా ఉంటారనీ అనుకున్నారు. ఆహ్వానాలు వచ్చినా వెళ్లలేదు.

చివరికి 1998 జనవరి 17న వెళ్లారు. ఆయన వేసుకున్న 13వ నంబరు చొక్కాను గౌరవంగా మైదానం పైకెత్తే కార్యక్రమం అది. 61 ఏళ్ల మనిషి, విద్యార్థి రోజుల నాటి కాలేజీ కోటు వేసుకుని మైదానంలోకి అడుగుపెట్టారు. కిక్కిరిసిన జనం లేచి నిలబడ్డారు. చప్పట్లు ఎంతకీ ఆగలేదు. వాళ్లలో చాలామంది 1957లో పుట్టనైనా లేదు. మాట్లాడుతూ ఆయన గొంతు పూడుకుపోయింది. ఆ ఓటమి తనను ఎంత కుంగదీసిందో చెప్పుకున్నారు. తర్వాత వరుసకట్టిన పిల్లలందరికీ ఓపిగ్గా సంతకాలు పెడుతూ కూర్చున్నారు. కోపంగా ఉన్నారనుకున్నవాళ్లు నలభై ఏళ్లుగా ఎదురుచూస్తున్నారని ఆయనకు ఆ రోజు తెలిసింది.

మరుసటి ఏడాదే, 1999 అక్టోబర్ 12న, లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంట్లో గుండె జబ్బుతో మరణించారు. వయసు 63. తన ఆస్తిలోంచి కాన్సాస్ విశ్వవిద్యాలయానికి 6,50,000 డాలర్లు వదిలి వెళ్లారు.

మనకేమిటి?

ఇప్పుడు ఆ రెండు ఆటల మధ్య గీత చెరుగుతోంది. 2021 నుంచి కాలేజీ ఆటగాళ్లు తమ పేరు మీద వచ్చే సంపాదన తీసుకోవచ్చు. 2025 నుంచి కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వవచ్చు. దీనివల్ల పాత ప్రేమ పోతుందని కొందరు అభిమానుల బాధ. కష్టపడే పిల్లవాడికి కూలి దక్కడం మాకు మాత్రం తప్పుగా తోచలేదు. ప్రేమ పేరుతో కూలి ఎగ్గొట్టడం ఏ ఊళ్లోనైనా ఒకటే.

బయటి లోకం వృత్తి ఆటలాంటిది. ఎన్ని మార్కులు, ఏ ఉద్యోగం, ఎంత జీతం అని అడుగుతుంది. అడగనివ్వండి. ఆ లెక్కలోనూ మనం నెగ్గాలి. కానీ హాస్టల్ కాన్సాస్ లాంటిది. మేము ఇక్కడ ఉన్నప్పుడు మాకు లెక్కలు నేర్పిన ఒక అన్న ఉన్నాడు. గ్రూప్స్ రెండుసార్లు తప్పాడు. అప్పటినుంచి వార్షికోత్సవానికి రావడం లేదు. ఏ ముఖం పెట్టుకుని రావాలి అనుకుంటున్నాడేమో. ఆయన నేర్పిన లెక్కలతోనే మేము పీజీ ప్రవేశ పరీక్ష దాటాం.

అన్నా, ఈ సంచిక ఎవరి చేతుల మీదుగానైనా నిన్ను చేరితే ఒక్క మాట. విల్ట్ చాంబర్లేన్ నలభై ఏళ్లు ఆగాడు. నువ్వు అన్నేళ్లు ఆగకు. వచ్చే వార్షికోత్సవానికి రా. ఇక్కడ ఎవరూ నీ స్కోరు అడగరు.