ఎడమచేతి గురికాడు టకాచ్

భారతకథ నెరిగిన తెలుగువానికి గురి అనగానే ఇరువురు విలుకాండ్రు స్ఫురింతురు. ఒకడు రెండు చేతులతోను బాణము వేయగల సవ్యసాచి అర్జునుడు. రెండవవాడు కుడిచేతి బొటనవ్రేలిని కోసి గురుదక్షిణగా నిచ్చిన ఏకలవ్యుడు. ఆ పిమ్మట ఏకలవ్యుడు మిగిలిన వ్రేళ్లతో బాణములు వేసెను గాని, మునుపటి వేగము మాత్రము అతనికి మరల రాలేదని భారతము చెప్పును. విద్య నిలిచినది, వేగము పోయినది. ఇరువదవ శతాబ్దమున హంగేరీ దేశపు సైనికుడొకడు కుడిచేయి ఛిద్రమైన పిమ్మట ఎడమచేతితో, అదియును వేగమే ప్రాణమైన పందెమున, లోకమునకెల్ల మొదటివాడయ్యెను.

అతని పేరు కారోయి టకాచ్. హంగేరీవారు మనవలెనే ఇంటిపేరును ముందు చెప్పుకొందురు. కావున స్వదేశమున అతడు టకాచ్ కారోయి. టకాచ్ అను మాటకు వారి భాషలో సాలెవాడని అర్థము. 1910 జనవరి 21 వ తేదీన బుడాపెస్టు నగరమున జన్మించిన ఈతడు యౌవనమున సైన్యమున చేరి, పిస్తోలు పందెములలో పేరు గడించెను. 1936 నాటికి ఆ విద్యలో అతడు అంతర్జాతీయ స్థాయివాడని అందరును ఎరుగుదురు.

ఆ పందెము ఎట్టిదో తెలిసినగాని టకాచ్ చేసిన పని విలువ తెలియదు. అందు వాడు పిస్తోలు రణరంగమున వాడునది కాదు. దాని గొట్టపు రంధ్రము అంగుళములో నూటికి ఇరువదిరెండు వంతులు, అనగా సుమారు 5.6 మిల్లీమీటర్లు మాత్రమే. గుండు బరువు మూడు గ్రాములకు లోపే. తూటా చిన్నదగుటచే ప్రేలినప్పుడు చేయి అంతగా అదరదు. అదరిన చేయి వెంటనే కుదురుకొనును. గురికాడు చేయి దించి నిలుచును. ఇరువదియైదు మీటర్ల దూరమున ఆ కాలమున మనిషి ఆకారపు బొమ్మలైదు వరుసగా ఉండెడివి. అవి అంచు చూపి నిలిచియుండి, ఒక్కసారిగా అతనివైపు తిరిగెడివి. అప్పుడు చేయి యెత్తి, ఒక్కొక్క బొమ్మకు ఒక్కొక్క గుండు చొప్పున ఐదింటిని కొట్టవలెను. మొదట అందులకు ఎనిమిది సెకండ్ల వ్యవధి. పిమ్మట ఆరు. చివరకు నాలుగు. ఇట్లు అరువది గుండ్లు. అన్నియు నట్టనడుమ తగిలినచో ఆరువందల పాయింట్లు. వీటన్నింటికిని ఒకే చేయి. రెండవచేయి పిస్తోలును తాకరాదు. నడుముపైననో జేబులోనో ఊరక ఉండవలసినదే. ఇట్టి పందెమున మొదటి చేయి పోయినచో మిగిలిన చేయి ఆనాటివరకు ఏ విద్యయు నేర్వని చేయి.

అయితే టకాచ్‌కు తొలి దెబ్బ చేతికి తగిలినది కాదు, హోదాకు తగిలినది. 1936 లో బెర్లిన్ నగరమున ఒలింపిక్ క్రీడలు జరిగెను. టకాచ్ అప్పుడు సార్జెంటు. హంగేరీ సైన్యపు నిబంధన ప్రకారము ఆ జట్టున చేరుటకు కమీషను పొందిన అధికారులే అర్హులు. ఎంత గురి యున్నను సార్జెంటు సార్జెంటే. ఏకలవ్యుని ద్రోణుడు త్రిప్పిపంపుటకు కారణమైనదియు విద్యలోని లోపము కాదు గదా! బెర్లిన్ క్రీడలు ముగిసిన పిమ్మట ఆ నిషేధమును తొలగించిరి. 1940 లో జరుగవలసిన క్రీడలపై టకాచ్ ఆశ పెట్టుకొనెను.

ఆ బెర్లిన్ పందెమున జర్మనీకి చెందిన కార్నేలియస్ వాన్ ఓయెన్ స్వర్ణపతకము గెలిచెను. ఆ క్రీడలకని వాల్తర్ కార్ఖానావారు చేసిన ఒలింపియా అను పిస్తోలు, పాత పిస్తోళ్లను సేకరించువారికి నేటికిని ప్రియమైన వస్తువు. యుద్ధానంతరము స్విట్జర్లాండులోని హెమ్మెర్లి కార్ఖానావారు అదే నమూనాను అనుమతితో తయారు చేసిరి. అట్టి పిస్తోలును చేత పట్టి చూచినవారికి ఒక విషయము తెలియును. దాని కొయ్యపిడి కుడిచేతి అరచేతికి, బొటనవ్రేలికి అమరునట్లు చెక్కబడియుండును. కాల్చిన తూటా తొడుగు కుడిప్రక్కకు ఎగిరిపడును. ఎడమచేతివానికి ఆ పిడి పరాయిది.

1938 లో ఆ ఎడమచేతివాడగుట టకాచ్‌కు తప్పలేదు. సైనిక శిక్షణ జరుగుచుండగా, లోపముగల చేతిబాంబు ఒకటి అతని కుడిచేతిలోనే ప్రేలెను. అప్పటి కతనికి ఇరువది యెనిమిదేండ్లు. పిస్తోలు పట్టవలసిన చేయి ఛిద్రమయ్యెను. ఒక మాసము ఆసుపత్రిలో గడపెను. పిమ్మట ఇంకెవ్వరికిని చెప్పక ఎడమచేతితో అభ్యాసము మొదలుపెట్టెను.

ఈ రహస్యమును గూర్చి చెప్పువారు దానిని పట్టుదలకు గుర్తుగా చెప్పుదురు. పట్టుదల లేదనలేము. కాని గాయపడినవానిని చుట్టుముట్టు జాలి యెట్టిదో ఎరిగినవారు మరియొక కారణమును ఊహింపవచ్చును. నలుగురి యెదుట అభ్యసించి విఫలుడైనచో ఓదార్పులను వినవలసివచ్చును. ఒంటరిగా విఫలుడైనచో తానొక్కడే ఎరుగును.

అభ్యాసము చేయవలసినది చేతికి మాత్రమే యనుకొనుటయు పొరపాటు. గురిచూచు కన్ను పాతదే, మీటను ఎప్పుడు నొక్కవలెనో ఎరిగిన బుద్ధియు పాతదే. కాని పిస్తోలు బరువును మోయు భుజము క్రొత్తది. మీటను తిన్నగా, తక్కిన వ్రేళ్లను కదల్పక, వెనుకకు లాగవలసిన చూపుడువ్రేలు క్రొత్తది. బొమ్మ నుండి బొమ్మకు చేయి జరుగు తీరును, నిలుచున్న పాదముల అమరికయు తారుమారగును. ఏండ్ల తరబడి అలవడిన దానిని మరచి, అదే విద్యను అద్దములో చూచి నేర్చినట్లు నేర్వవలెను.

1939 వసంతమున హంగేరీ జాతీయ పిస్తోలు పోటీలకు టకాచ్ వచ్చెను. తోటివారు ఎదురేగి పరామర్శించిరి. గాయపడియు పందెము చూచుటకు వచ్చినందుకు మెచ్చుకొనిరి. తాను చూచుటకు రాలేదనియు, పోటీచేయుటకు వచ్చితిననియు అతడు చెప్పెను. ఎడమచేతితోనే గెలిచెను. ఆ సంవత్సరమే ప్రపంచ పోటీలలో జట్టు పందెము గెలిచిన హంగేరీ పిస్తోలు బృందమున అతడు నొకడు.

ఇచ్చట కొంచెము నిలిచి లెక్క చూడవలెను. టకాచ్ కథను చెప్పువారు సాధారణముగా చేతిబాంబునే ప్రతినాయకునిగా చూపుదురు. కాని ఆ బాంబు అతని జీవితమున తీసికొన్నది ఒక్క యేడాది. 1938 లో పోయిన గురి 1939 లో తిరిగి వచ్చినది. సైన్యపు నిబంధన 1936 నాటి క్రీడలను తీసికొన్నది. రెండవ ప్రపంచయుద్ధము 1940 నాటి క్రీడలను, 1944 నాటి క్రీడలను మ్రింగివేసినది. ఇరువదియాఱవ యేట వెళ్లవలసినవాడు ముప్పదియెనిమిదవ యేట వెళ్లెను. ఆ పండ్రెండేండ్లలో చేతిలోపమునకు చెందినది ఒకటి, మనుష్యులు చేసినది తక్కినదెల్ల.

1948 లో ఒలింపిక్ క్రీడలు లండనున జరిగెను. గురిపందెములకు ఆ నగరమునకు దూరముగానున్న బిస్లీ మైదానమును ఏర్పరచిరి. టకాచ్ అప్పటికి కెప్టెన్ అయియుండెను. 1947 లో ప్రపంచ విజేతయైన అర్జెంటీనా గురికాడు కార్లోస్ ఎన్రీకె దియాజ్ సాయెంజ్ వాలియెంతె కే స్వర్ణపతకము దక్కునని పలువురు తలచిరి. పందెమునకు ముందు అతడు టకాచ్‌ను చూచి, నీవిచ్చటికేల వచ్చితివని యడుగగా, నేర్చుకొనుటకు వచ్చితినని టకాచ్ బదులిచ్చెనట. టకాచ్ 580 పాయింట్లు సాధించెను. అది పాత ప్రపంచ రికార్డును పది పాయింట్లు మించినది. అర్జెంటీనావాడు 571 తో రెండవవాడు, స్వీడనుకు చెందిన స్వెన్ లుండ్‌క్విస్ట్ 569 తో మూడవవాడు. ఆ పిమ్మట ఓడిన విజేత వచ్చి, ఇక నీవు చాలినంత నేర్చితివని అభినందించెనని చెప్పుకొందురు. క్రీడాలోకమున ఇట్టి మాటలు నోటినుండి నోటికి సాగుచు నునుపుదేరుట కలదు. అయినను ఈ కథలో ఓడినవాని పెద్దరికమే గెలిచినవాని వినయముకంటె అందముగా నున్నది.

1952 లో హెల్సింకీ నగరమున టకాచ్ మరల స్వర్ణపతకము గెలిచెను. ఆ పందెమున ఒకే మనిషి రెండుమారులు స్వర్ణము గెలుచుట అదియే మొదలు. ఈమారు దాటినది ఒక్క పాయింటు. అతనికి 579. అదే దేశమునకు చెందిన సిలార్డ్ కున్‌కు 578; రుమేనియాకు చెందిన గేయోర్గే లికియార్డోపోల్‌కును 578. రజతము పొందిన కున్ పదునేడేండ్ల బాలుడు, టకాచ్ వద్ద నేర్చినవాడు. శిష్యునిచేత ఓటమిని కోరవలెనని మన పెద్దలు గురువులకు చెప్పిరి. నలువది రెండేండ్ల టకాచ్ ఆనాడు అట్టి కోరిక యేదియు కోరినట్లు కనబడదు.

అంగవైకల్యముతో ఒలింపిక్ పతకము పొందినవారిలో టకాచ్ మొదటివాడని కొందరు వ్రాయుదురు. అది సరికాదు. హంగేరీకే చెందిన ఒలివేర్ హలాషి మోకాలి క్రింద కాలు లేకయే 1932, 1936 క్రీడలలో నీటిబంతి ఆటలో స్వర్ణపతకములు గెలిచిన జట్టులో నుండెను. టకాచ్ చేతిని పోగొట్టుకొనక ముందే అతని దేశస్థుడొకడు త్రోవ వేసియుంచెను.

1956 అక్టోబరున హంగేరీలో తిరుగుబాటు చెలరేగెను. నవంబరు మొదట సోవియట్ సేనలు దానిని అణచివేసెను. ఆ నెలలోనే మెల్బోర్న్ నగరమున ఒలింపిక్ క్రీడలు ప్రారంభమయ్యెను. నలువది యారేండ్ల టకాచ్ అచ్చటను నిలిచి ఎనిమిదవవాడయ్యెను. మూడవ పతకము దక్కలేదు. స్వదేశమున అతడు గెలిచిన జాతీయ విజయములను ముప్పదియైదుగా లెక్కింతురు. సార్జెంటు హోదా చాలదని 1936 లో ఆపబడినవాడు సైన్యమును విడుచునాటికి లెఫ్టినెంట్ కర్నల్. తరువాతి కాలమున శిక్షకుడుగా నుండి, 1976 జనవరి 5 వ తేదీన, అరువదియాఱు నిండుటకు పదునాఱు దినములు ఉండగా, పుట్టిన బుడాపెస్టులోనే కన్నుమూసెను.