కొండల మంచులో వానల లెక్క వెతికిన బ్లాన్‌ఫోర్డ్

డిసెంబరు చివర్లో సిమ్లాలోనో గుల్మార్గ్‌లోనో మంచు కురిసిందని టీవీలో చూపిస్తే, కామాటిపుర గల్లీల్లో, వర్లి, నాయ్‌గావ్ చాళ్లలో ఉండే మనం దాన్ని సినిమా పాటల సంగతిగానే చూస్తాం. మంచుతో మనకేం పని, మనకు కావలసింది వాన అనుకుంటాం. కానీ ఆ కొండల్లో మంచు కురిసిన రెండు మూడు రోజులకే మన చాల్‌లో పొద్దున్నే చన్నీళ్లు ముట్టుకోవాలంటే చేతులు వెనక్కి వస్తాయి. చలికాలంలో మధ్యధరా సముద్రం వైపు నుంచి పడమటి గాలుల్లో సాగివచ్చే అలజడులు హిమాలయాలకు తగిలి కొండల మీద మంచు, పంజాబు మైదానాల్లో వాన కురిపిస్తాయి. అవి తూర్పుకు జరిగిపోయాక వెనకాలే ఉత్తరపు చల్లగాలి రాజస్థాన్, గుజరాత్ దాటి ముంబై దాకా దిగుతుంది. ఇక్కడ చలి ముదిరేది ఎక్కువగా అలాంటి గాలి వీచినప్పుడే. 1962 జనవరి 22న శాంతాక్రూజ్‌లో 7.4 డిగ్రీలు నమోదైంది. ఇన్నేళ్లయినా ఆ అంకె గురించి ఇంకా చెప్పుకుంటూనే ఉన్నారు.

ఆ మంచుకు మనతో ఇంకో చుట్టరికం కూడా ఉంది. కొండల మీది మంచును చూసి రాబోయే వానాకాలం ఎలా ఉంటుందో ముందే అంచనా కట్టవచ్చని మన దేశంలో లెక్కలతో చూపించినవారు హెన్రీ ఫ్రాన్సిస్ బ్లాన్‌ఫోర్డ్. భారత వాతావరణ శాఖకు తొలి అధిపతి ఆయనే.

బ్లాన్‌ఫోర్డ్ 1834 జూన్ 3న లండన్‌లో పుట్టారు. చదివింది గనుల శాస్త్రం, భూగర్భ శాస్త్రం. 1855లో, 21 ఏళ్ల వయసులో, అన్న విలియంతో కలిసి జియలాజికల్ సర్వేలో ఉద్యోగానికి మన దేశం వచ్చారు. అన్నదమ్ములకు మొదట అప్పగించిన పని ఒడిశాలోని తాల్చేరు బొగ్గు పొరల పరిశీలన. అక్కడ బొగ్గు పొరల అడుగున మెత్తటి మట్టిలో పెద్ద పెద్ద బండరాళ్లు ఇరుక్కుని ఉన్నాయి. నీటి వాలుకు కొట్టుకొచ్చిన రాళ్లయితే బరువును బట్టి వేరుపడతాయి, ఇలా మట్టిలో కలిసిపోయి ఉండవు. వాటిని మోసుకొచ్చింది మంచే అయి ఉండాలని ఆ యువకులు తేల్చారు. ఒడిశా ఎండల్లో మంచు జాడ వెతకడమంటే అప్పట్లో చాలామందికి నమ్మశక్యం కాలేదు. తర్వాతి పరిశోధనలు వారి మాటనే నిలబెట్టాయి.

ఆ తర్వాత తిరుచిరాపల్లి వైపు కొన్నేళ్లు రాళ్లు, శిలాజాలు చూస్తూ తిరిగారు. ఒళ్లు సహకరించక 1862లో సర్వే వదిలేసి కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో పంతులుగా చేరారు. మన టీచర్లు గుర్తుపెట్టుకోదగిన విషయం ఇది. దేశపు తొలి వాతావరణ అధికారి ఆ కుర్చీలోకి వచ్చింది తరగతి గదిలోంచే.

ఆయన్ని రాళ్ల నుంచి గాలి వైపు తిప్పింది తుపాన్లు. 1864 అక్టోబరు 5న కలకత్తా మీద విరుచుకుపడిన తుపానులో వేలాది మంది కొట్టుకుపోయారు. నెల తిరక్కుండానే, నవంబరు 1న, మన బందరు ఉప్పెన వచ్చింది. మచిలీపట్నంలో, చుట్టుపక్కల పల్లెల్లో కలిపి సుమారు 30 వేల మంది పోయారని చెబుతారు. ఆ రాత్రి సముద్రం వస్తోందని బందరుకు చెప్పేవాళ్లు లేరు. చెప్పే శాఖ అంటూ దేశంలో లేదు. కలకత్తా తుపాను మీద గాస్ట్రెల్ అనే అధికారితో కలిసి బ్లాన్‌ఫోర్డ్ వివరమైన నివేదిక తయారుచేశారు. ఓడల్లోని కొలతలు, ఒడ్డునున్నవారి కొలతలు ఒకచోట చేర్చి, తుపాను ఏ దారిన నడిచిందో పటం గీశారు. 1867లో బెంగాల్ ప్రభుత్వం ఆయన్ని వాతావరణ అధికారిగా పెట్టుకుంది. 1875లో దేశం మొత్తానికి ఒకే శాఖ ఏర్పడినప్పుడు దాని బాధ్యత ఆయనకే వచ్చింది.

అప్పటిదాకా ఏ రాష్ట్రం లెక్క ఆ రాష్ట్రానిదే. మన కొలాబా అబ్జర్వేటరీ 1826 నుంచే ఉంది, మద్రాసుది అంతకన్నా పాతది. కానీ ఒకచోట బారోమీటరు చెప్పే అంకెకూ ఇంకోచోటి అంకెకూ పొంతన లేదు. కొలిచే వేళలూ ఒకటి కావు. నలుగురు నాలుగు గజాలతో గుడ్డ కొలిస్తే ఏమవుతుందో మన నేత కుటుంబాలకు వేరే చెప్పక్కర్లేదు. పరికరాలన్నిటినీ ఒకే ప్రమాణానికి సరిచూడటం, అన్ని చోట్లా ఒకే పద్ధతిన కొలిపించడం, ఆ కాగితాలన్నీ ఒక బల్ల మీదికి తెప్పించడం బ్లాన్‌ఫోర్డ్ చేసిన మొదటి పని. పేరు తెచ్చే పని కాదు. కానీ అది లేకపోతే తర్వాతి కథ లేదు.

ఆ బల్ల సర్దుకోకముందే కరువు వచ్చింది. 1876లో దక్కనులో వానలు మొహం చాటేశాయి. బొంబాయి, మద్రాసు ప్రెసిడెన్సీలు, మైసూరు, నిజాం రాజ్యం అన్నీ ఎండిపోయాయి. మన పెద్దవాళ్లు ధాత కరువు అని చెప్పుకున్నది దీన్నే, అది ధాత నామ సంవత్సరం కనుక. 1877లోనూ చాలాచోట్ల వాన సరిగా పడలేదు. లక్షల మంది ఆకలికి, ఆకలి వెంట వచ్చిన జబ్బులకు చనిపోయారు.

కామాటిపురకు ఆ పేరు తెచ్చిన కామాటీలు అంతకు ఎంతో ముందే, 18వ శతాబ్దం చివరి నుంచే, నిజాం ఇలాకా నుంచి వచ్చి బొంబాయి కట్టడాల్లో రాళ్లు మోశారు. తర్వాత మిల్లుల్లో మగ్గాల దగ్గరికి పద్మశాలీలు వచ్చారు. పాలమూరు నుంచి కూలీల రాక ఇప్పటికీ ఆగలేదు. ఎవరి ఇంట్లో అడిగినా కథ ఒక్కచోటే మొదలవుతుంది: ఆ ఏడు వాన పడలేదు. వాన ఎప్పుడు పడుతుందో, పడుతుందో లేదో ముందే తెలిస్తే గింజలు దాచుకోవచ్చు, అప్పు చేయకుండా ఆగవచ్చు, ఊరు విడవాలో వద్దో ఆలోచించుకోవచ్చు. బ్లాన్‌ఫోర్డ్ ముందుకు వచ్చిన ప్రశ్న కూడా అదే. కరువు తర్వాత ప్రభుత్వం ఆయన్ని అడిగింది: వచ్చే వానాకాలం గురించి ఏమైనా ముందుగా చెప్పగలవా?

సూర్యుడి మచ్చల్ని బట్టి కరువులు చెప్పవచ్చని అప్పట్లో ఇంగ్లండులో పెద్ద చర్చ నడుస్తోంది. బ్లాన్‌ఫోర్డ్ కూడా ఆ లెక్కలు చూశారు కానీ వాటి మీద భరోసా పెట్టుకోలేదు. తన బల్ల మీద పోగైన కాగితాలే తిరగేశారు. చలికాలంలో ఉత్తర భారతంలో పడే వానల గురించి ప్రత్యేకంగా అధ్యయనం చేశారు. హిమాలయాల్లో మంచు ఏ ఏడు ఎంత కురిసిందో, ఎప్పటిదాకా కురిసిందో కొండ జిల్లాల నుంచి వచ్చిన సమాచారం పక్కన మైదానాల వానల లెక్క పెట్టి చూశారు. వాయవ్య హిమాలయాల్లో మంచు ఎక్కువగా, అందునా వసంతం దాకా ఆలస్యంగా కురిసిన ఏడాది, ఆ తర్వాత వాయవ్య, పడమటి మైదానాల్లో వానలు వెనకబడుతున్నాయి. 1884లో ఈ సంగతి లండన్ రాయల్ సొసైటీకి పంపిన పత్రంలో వివరించారు.

పిల్లలకు ఇది ఇలా చెప్పవచ్చు. వేసవిలో నేల కాగితే పైన గాలి తేలికపడి లేస్తుంది, ఆ ఖాళీలోకి సముద్రం మీది తడిగాలి వస్తుంది. అదే రుతుపవనం. కొండల మీద మంచు దుప్పటి మందంగా ఉంటే ఎండ కొంత ఆ తెలుపుకు తగిలి వెనక్కి పోతుంది, కొంత మంచు కరిగించడానికే సరిపోతుంది. నేల కాగడం ఆలస్యమవుతుంది. కొండల వైపు నుంచి పొడిగాలి మైదానాల మీదికి వీస్తూనే ఉంటుంది, తడిగాలికి దారి దొరకదు.

ఈ లెక్కను నమ్ముకుని 1882 నుంచి 1885 దాకా బ్లాన్‌ఫోర్డ్ జంకుతూనే అంచనాలు ఇచ్చి చూశారు. కొంత ఫలించాక 1886 జూన్ 4న భారతదేశం, బర్మా మొత్తానికి తొలి అధికారిక వానాకాలపు ముందస్తు సూచన వెలువడింది. మాకు ఇందులో నచ్చేది ఆయన జంకే. చెప్పింది తప్పితే నష్టపోయేది తాను కాదని, విత్తనం చల్లినవాడని తెలిసిన మనిషి జంకు అది. తన సూత్రం ముఖ్యంగా వాయవ్యానికీ పడమటికీ పనికొస్తుందని, దేశమంతా ఒకే కొలత కాదని కూడా ఆయనకు తెలుసు. ప్రాంతం తేడా ఎంతుంటుందో మనకు తెలియంది కాదు. 2005 జూలై 26న శాంతాక్రూజ్‌లో 944 మిల్లీమీటర్ల వాన పడితే అదే రోజు కొలాబాలో పడింది 73.

ఆ శాఖలో పెద్ద ఉద్యోగాలన్నీ ఆంగ్లేయులవే అయిన రోజుల్లో, 1885లో, రుచి రామ్ సాహ్ని అనే పంజాబీ యువకుడు బ్లాన్‌ఫోర్డ్ కింద అధికారిగా చేరారు. ఆ హోదాలో చేరిన తొలి భారతీయుడు ఆయనే. రెండేళ్లకే లాహోరు వెళ్లి కాలేజీలో పాఠాలు చెప్పుకున్నారు. సాయంత్రాలు దుకాణదారులకు, చేతిపనివాళ్లకు పంజాబీలో సైన్సు ఉపన్యాసాలిచ్చేవారు. జనం టికెట్ కొని మరీ వినేవారు. మాతృభాషలో సైన్సు చెబితే ఎవరు వింటారని మన బడుల మీటింగుల్లో ఎవరైనా అంటే ఈ సంగతి చెప్పవచ్చు. బ్లాన్‌ఫోర్డ్ కూడా బడిని మరిచిపోలేదు. భారతదేశపు బడుల కోసమే భౌతిక భూగోళం మీద ఒక పాఠ్యపుస్తకం ఇంగ్లీషులో రాశారు. అది చాలాసార్లు అచ్చయింది.

దేశంలోని శీతోష్ణాలు, వానల మీద తన పెద్ద పుస్తకం 1889లో వెలువడేనాటికి ఆయన ఉద్యోగ జీవితం ముగింపుకు వచ్చింది. ఇంగ్లండు వెళ్లిపోయారు. 1893 జనవరి 23న ఫోక్‌స్టన్‌లో చనిపోయారు. అప్పటికి 58 ఏళ్లు.

ఆయన తర్వాత వచ్చిన జాన్ ఎలియట్‌కు ఆ జంకు తక్కువ. సూచనలు పేజీల కొద్దీ పెరిగాయి. 1899లో వానలు బాగుంటాయన్నారు. ఘోరమైన కరువు వచ్చింది. పత్రికలు దుమ్మెత్తిపోశాయి. ఆ తర్వాత కొన్నేళ్లు సూచనల్ని ప్రజలకు చెప్పడమే మానేశారు. 1904లో వచ్చిన గిల్బర్ట్ వాకర్ గణితంతో ప్రపంచమంతటి గాలి ఒత్తిళ్లను జల్లెడ పట్టారు. కానీ హిమాలయ మంచును మాత్రం తన లెక్కలోంచి తీసేయలేదు. మధ్యలో చాలా ఏళ్లు ఆ సంబంధం పలచబడినట్టు కనిపించింది. 1976లో ఉపగ్రహ చిత్రాలతో యూరప్, ఆసియాల మంచును కొలిచి చూసిన శాస్త్రవేత్తలు మళ్లీ దాన్ని బయటికి తీశారు. 1988లో వసంత్ గోవారికర్ బృందం 16 సూచికలతో చేసిన వానాకాలపు లెక్కలోనూ మంచుకు చోటుంది.

ఆరు, ఏడు తరగతుల పిల్లలతో డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఒక పని చేయించవచ్చు. కొలాబా, శాంతాక్రూజ్ కనిష్ఠ ఉష్ణోగ్రతలు పేపర్లో రోజూ ఉంటాయి. వాటిని ఒక చార్టు మీద రాసి, సిమ్లాలోనో కశ్మీరులోనో మంచు కురిసిన రోజుల్ని పక్కన గుర్తుపెట్టమనండి. ఖర్చు లేదు, పరికరం అక్కర్లేదు.

2024 ఏప్రిల్‌లో వాతావరణ శాఖ ఆ ఏడాది వానలు సగటు కన్నా ఎక్కువ, 106 శాతం ఉంటాయని సూచించింది. చెప్పిన కారణాల్లో ఉత్తరార్ధగోళంలో మంచు మామూలు కన్నా తక్కువగా ఉండటం ఒకటి. సెప్టెంబరు చివరికి లెక్క 108 శాతం తేలింది.