డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు

మన తెలుగునేలను జన్మించి, పరదేశమున పనిచేసి, లోకమునకు మందులొసగినవారిలో డాక్టరు యల్లాప్రగడ సుబ్బారావుగారు అగ్రగణ్యులు. వీరి పేరు విన్నవారనేకులు. వీరు చేసినదేమో యెరిగినవారు కొలదిమంది. కావున ఆ వృత్తాంతమును సంగ్రహముగా వ్రాయుచున్నాము.

వీరు 1895వ సంవత్సరము జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మెట్రిక్యులేషను పరీక్షలో రెండు పర్యాయములు తప్పి, మూడవమారు కృతార్థులైరి. (ఈ సంగతిని మన పదవ తరగతివారు శ్రద్ధగా చదువుదురని మా నమ్మకము.) మదరాసు వైద్యకళాశాలలో ఖద్దరు ధరించి ఆచార్యుని యాగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మారుగా అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే పొందిరి. ఇంతకంటె పెద్ద దెబ్బ యింటనే తగిలెను. అన్నయు తమ్ముడును కొలది దినముల యంతరమున స్ప్రూ యను గ్రహణీరోగముచే మరణించిరి. తినిన యన్నము ఒంటబట్టక, రక్తము క్షీణించి, మనుష్యుడు కృశించిపోవు వ్యాధి యది. తామును ఆ రోగమునకే చిక్కి, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సచే బ్రతికిరి.

1922లో అమెరికాలోని బోస్టను చేరిరి. పగలు హార్వర్డులో చదువు. రాత్రి ఆసుపత్రిలో రోగుల మలపాత్రలు కడుగు కొలువు. మరల స్వదేశమునకు రాలేదు. ఇచ్చట భార్య శేషగిరిగారు ఎదురుచూచుచునే యుండిరి. ఆమె నష్టమును గూర్చి వ్రాయువారు అరుదు.

1929లో ఫిస్కు గారితో గూడి, కండరములకు శక్తినిచ్చు ఏ.టి.పి. యను ద్రవ్యమును ప్రకటించిరి. అప్పుడే జర్మనీలో లోమన్ గారును దానిని కనుగొనిరి. 1940లో లెడర్లీ పరిశోధనశాలకు మారిరి. 1945లో వీరి నాయకత్వమున ఫోలిక్ ఆమ్లము కృత్రిమముగా తయారయ్యెను. సోదరులను బలిగొన్న స్ప్రూ రోగమున కలుగు రక్తహీనతకు అది మందయ్యెను.

అదెట్లనగా, మన కణములలో డి.ఎన్.ఏ. యను రెండుపేటల త్రాడు కలదు. దానిపై నాలుగే యక్షరములు. కావలసినంత భాగమును కణము ఆర్.ఎన్.ఏ. రూపమున ఎత్తి వ్రాసికొని, ఆ వరుసనుబట్టి అమైనో ఆమ్లములను కూర్చి ప్రోటీనులను కట్టును. కణము రెండగుటకు ముందైతే మొత్తము వ్రాతకు నకలు కావలెను. పేటలు విడిపోయి, ఒక్కొక్క యక్షరమున కెదుట దాని జోడు వచ్చి చేరును. ఇంచుమించు 600 కోట్ల జతలు! మాదాపురము, గచ్చిబౌలి కార్యాలయములలో కంప్యూటరులపై పనిచేయు తల్లిదండ్రులకు ఈ శ్రమ యెంతటిదో సులభముగా బోధపడును. ఆ నాలుగింటిలో థైమిను అను నక్షరము సిద్ధమగుటకు ఫోలిక్ ఆమ్లము ఆవశ్యకము. అది చాలనిచో నకలు నడుమ నిలిచిపోవును. ఎముకల మూలుగలోని రక్తకణములు ఉబ్బునేగాని సరిగా విభజింపవు.

ఆపవలసిన నకలును అట్లే ఆపరాదా? సుబ్బారావుగారి బృందము ఫోలిక్ ఆమ్లమువలె కనబడుచు దాని పనికి అడ్డుపడు అమినోప్టెరిన్ అను మందును సిద్ధపరచెను. బోస్టనులో సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు దానిని రక్తపుకేన్సరుతో మరణమునకు సిద్ధముగానున్న 16 మంది పిల్లలకిచ్చెను. పదిమందికి గుణము కనబడెను. అది కొన్ని నెలలే నిలిచెను. కాని అంతకుముందు ఆ తల్లిదండ్రులకు ఆ నెలలును లేవు. దాని తోబుట్టువైన మెథోట్రెక్సేటును నేటికిని ఇతర మందులతో గూర్చి పిల్లలకు ఇచ్చుచున్నారు.

ఫార్బరు గారి ఫలితములు 1948 జూనులో వెలువడెను. ఆగస్టులో, తమ 53వ యేట, సుబ్బారావుగారు నిద్రలోనే గతించిరి. వాట్సను, క్రిక్కు గార్లు డి.ఎన్.ఏ. రెండుపేటల రూపమును ప్రకటించినది 1953లో.